చదువు రుణం తీర్చుకున్న సైనిక వైద్యుడు ఎమిల్ ఫాన్ బేరింగ్

1890 డిసెంబరు 4న వెలువడిన ఒక జర్మన్ వైద్య వారపత్రికలో కొద్ది పుటల వ్యాసం అచ్చయింది. కంఠసర్పి, ధనుర్వాతం అనే రెండు ప్రాణాంతక వ్యాధులను తట్టుకునే శక్తి జంతువుల శరీరంలో ఎలా పుడుతుందన్నది దాని విషయం. రచయితలు ఇద్దరు. రెండో రచయిత టోక్యో నుంచి వచ్చిన డాక్టర్ కిటసాటో. మొదటి రచయిత పేరుకు ముందు ప్రొఫెసర్ పదవి లేదు, స్టాబ్సార్ట్ అన్న హోదా ఉంది. ప్రష్యన్ సైన్యంలో కెప్టెన్‌తో సమానమైన వైద్యాధికారి హోదా అది. ఆ అధికారి పేరు ఎమిల్ బేరింగ్. ఆధునిక వైద్యశాస్త్రాన్ని మలుపు తిప్పిన ఆ వ్యాసం రాసేనాటికి ఆయన ఇంకా సైన్యం కొలువులోనే ఉన్నారు.

పదకొండేళ్ల తర్వాత వైద్యరంగంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయననే వరించింది. పసిపిల్లల రక్షకుడిగా లోకం ఆయనను కొనియాడింది. అయితే కంఠసర్పికి విరుగుడు కనిపెట్టిన శాస్త్రవేత్తగా తెలిసినంతగా సైనిక వైద్యుడిగా బేరింగ్ తెలియరు. చదువుకోవడానికి డబ్బు లేక సైన్యానికి తన కొలువును తాకట్టు పెట్టిన ఒక పల్లెటూరి యువకుడి సర్వీసు చరిత్రను మొదటి నుంచి చూసుకుంటూ వస్తే, ఆ ఆవిష్కరణ ప్రయోగశాలలో కాక సైనిక శిబిరంలోనే మొలకెత్తిందని తెలుస్తుంది.

బడిపంతులు ఇంట పెద్ద సంసారం

బేరింగ్ 1854 మార్చి 15న పశ్చిమ ప్రష్యాలోని హాన్స్‌డార్ఫ్ గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు పోలండ్‌లో ఉంది. తండ్రి బడిపంతులు. రెండు పెళ్లిళ్ల ద్వారా ఆయనకు మొత్తం పదమూడు మంది సంతానం. రెండో భార్య కన్న బిడ్డల్లో పెద్దవాడు ఎమిల్. పంతులు జీతంతో అంతమంది కడుపు నింపడమే గగనమైన ఆ ఇంట్లో విశ్వవిద్యాలయ చదువు ఊహకందని మాట.

హోహెన్‌స్టైన్ పట్టణంలోని ఉన్నత పాఠశాలలో బేరింగ్ చదువు పూర్తిచేశారు. తెలివైన పేదింటి పిల్లలకు ఆ కాలంలో తెరిచి ఉన్న మార్గం మతాచార్యుడి వృత్తి. కోనిగ్స్‌బెర్గ్ వెళ్లి క్రైస్తవ ధర్మశాస్త్రం చదవాలన్న ఏర్పాటు దాదాపుగా ఖాయమైంది. మనసు మాత్రం వైద్యం మీద ఉంది. సరిగ్గా ఆ సమయంలో సైనిక వైద్య కళాశాలలో చేరే అవకాశం దొరికింది. 1874లో ఇరవై ఏళ్ల వయసులో ఆయన బెర్లిన్ చేరుకున్నారు.

నారుమడి పెట్టిన షరతు

ఆ కళాశాల పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ సంస్థ. 1795లో నెలకొల్పినప్పుడు దానికి పెట్టిన ఫ్రెంచి పేరు పెపినియేర్. నారుమడి అని దాని అర్థం. యుద్ధాల్లో గాయపడిన సైనికులకు తగిన చికిత్స చేయగల వైద్యులు లేక ఇబ్బందిపడ్డ ప్రష్యా, వారిని మొలక దశ నుంచే పెంచుకోవాలని ఆ సంస్థను ప్రారంభించింది. పేరు మారినా తర్వాతి తరాలు దానిని పెపినియేర్ అనే పిలిచాయి. భౌతిక శాస్త్రవేత్తగా పేరొందిన హెల్మ్‌హోల్ట్జ్, కణ రోగనిర్ధారణ శాస్త్రానికి పునాది వేసిన రుడోల్ఫ్ విర్కో ఆ నారుమడిలో ఎదిగినవారే.

అక్కడి చదువు విద్యార్థికి ఉచితమే కాని, బదులుగా పట్టభద్రుడైన తర్వాత చాలా ఏళ్లపాటు సైన్యంలో వైద్యుడిగా పనిచేయాలి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి, ఏ పని అప్పగిస్తే ఆ పని చేయాలి. సొంతంగా వైద్యశాల పెట్టుకునే స్వేచ్ఛ గాని, నచ్చిన ఆచార్యుడి వద్ద పరిశోధనకు చేరే వెసులుబాటు గాని ఉండవు. పేదవాడికి చదువు దక్కేది, రాజ్యానికి వైద్యుడు దక్కేవాడు. ఇద్దరికీ లాభమైన ఆ బేరంలో విద్యార్థి చెల్లించే మూల్యం అతని యౌవనం.

బేరింగ్ 1878లో వైద్య పట్టా అందుకున్నారు. 1880లో ప్రభుత్వ పరీక్ష ఉత్తీర్ణులయ్యారు. ఆ వెంటనే ఒప్పందం అమల్లోకి వచ్చింది. ప్రష్యా తూర్పు భాగంలోని వోలావ్, పోజెన్ పట్టణాల సైనిక దళాలకు వైద్యుడిగా ఆయనను పంపారు. రాజధానిలోని ప్రయోగశాలలకు దూరంగా, దళాల ఆరోగ్యం చూసుకుంటూ గడపవలసిన కొలువు అది.

అయొడోఫాం అడిగిన ప్రశ్న

ఆ రోజుల్లో పుండు కుళ్లకుండా సైనిక వైద్యులు వాడే మందుల్లో అయొడోఫాం ఒకటి. ఘాటైన వాసన గల ఆ పసుపుపచ్చని పొడిని గాయాల మీద చల్లేవారు. చాలా గాయాలు మానేవి. క్రిములను చంపడం వల్లనే మానుతున్నాయని సాధారణంగా భావించేవారు. ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, ఒక జర్మన్ జిల్లా వైద్యుడు కలిసి అప్పటికి కొద్దికాలం కిందటే వ్యాధులకు సూక్ష్మజీవులే కారణమని లోకాన్ని ఒప్పించారు. వారు లూయీ పాశ్చర్, రాబర్ట్ కోక్. దానితో క్రిమిని చంపడమే చికిత్స అన్న నమ్మకం బలంగా ఉండేది.

పోజెన్‌లో దళాల వైద్యం చూసుకుంటూనే బేరింగ్ తీరిక చేసుకుని అక్కడి రసాయన ప్రయోగకేంద్రంలో చీము పట్టే వ్యాధుల మీద పరీక్షలు చేశారు. 1881 నుంచి 1883 వరకు సాగిన ఆ పరిశీలనలో ఒక విచిత్రం బయటపడింది. అయొడోఫాం క్రిములను చంపడం లేదు. అవి చెక్కుచెదరకుండా బతికే ఉన్నాయి. అయినా రోగికి మేలు జరుగుతోంది. క్రిములు విడుదల చేసే విషాన్ని ఆ పొడి నిర్వీర్యం చేస్తోందని ఆయన నిర్ధారణకు వచ్చారు. 1882లో దీనిపై ఆయన తొలి వ్యాసాలు వెలువడ్డాయి.

శత్రువును చంపకపోయినా అతని ఆయుధాన్ని మొద్దుబార్చితే చాలు, మనిషి బతుకుతాడన్న ఆలోచన అది. మారుమూల శిబిరంలో ఒక చిన్న అధికారికి తట్టిన ఆ ఊహ ఎనిమిదేళ్లు ఆయనతోనే ప్రయాణించింది. లోపల వాడితే అయొడోఫాం మనిషికీ విషమే కాబట్టి దానిని మందుగా మింగించడం కుదరదు. రోగికి హాని చేయకుండా విషాన్ని మాత్రమే విరిచే పదార్థం ఏదైనా ఉందా అన్న ప్రశ్న మిగిలింది.

ఆజ్ఞ రూపంలో వచ్చిన అదృష్టం

యుద్ధరంగంలో శత్రువు తుపాకి కంటే విరేచనాలు, విషజ్వరాలు, మశూచి ఎక్కువ మందిని బలిగొన్నాయన్నది పంతొమ్మిదో శతాబ్దపు సైన్యాలన్నిటికీ అనుభవమే. అందువల్ల ప్రష్యన్ సైనిక వైద్య విభాగం అంటువ్యాధుల పరిశోధనను తన పనిగానే పరిగణించింది. ప్రతిభ కనిపించిన యువ వైద్యులను శిబిరాల నుంచి తప్పించి ప్రయోగశాలలకు డెప్యూటేషన్ మీద పంపేది. ఫ్రీడ్రిష్ లోఫ్లర్, గేయోర్గ్ గాఫ్కీ అలా కోక్ వద్దకు చేరిన సైనిక వైద్యులే. కలరా కారకాన్ని వెతుకుతూ 1883లో కోక్ ఈజిప్టు మీదుగా కలకత్తా వచ్చినప్పుడు గాఫ్కీ ఆయన వెంట ఉన్నారు. 1897లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు జర్మన్ పరిశోధక బృందంతో గాఫ్కీ మళ్లీ భారతదేశానికి వచ్చారు.

బేరింగ్ మీద కూడా అధికారుల దృష్టి పడింది. ప్రయోగ పద్ధతులు నేర్చుకునేందుకు ఆయనను బాన్ నగరంలోని ఔషధశాస్త్ర ఆచార్యుడు కార్ల్ బింజ్ వద్దకు పంపారు. జంతువుల మీద మందుల ప్రభావాన్ని కచ్చితంగా కొలిచే విద్య అక్కడ అబ్బింది. 1888లో తిరిగి బెర్లిన్ రావలసిందిగా ఆజ్ఞ వచ్చింది. మరుసటి ఏడాది కల్లా ఆయన కోక్ నడిపే ఆరోగ్యశాస్త్ర సంస్థలో సహాయకుడయ్యారు. చదువు కోసం వదులుకున్న స్వేచ్ఛ అదే చదువు చలవతో తిరిగి చేతికొచ్చినట్టయింది.

గొంతులో తెల్లని పొర

కంఠసర్పిగా తెలుగువారు పిలిచిన డిఫ్తీరియా అప్పటి ఐరోపాలో తల్లులకు పీడకల. గొంతులో బూడిదరంగు పొర ఏర్పడి, ఊపిరి ఆడక పిల్లలు ఉక్కిరిబిక్కిరై చనిపోయేవారు. ఒక్క జర్మనీలోనే ఏటా దాదాపు 50 వేల మంది పిల్లలను అది పొట్టన పెట్టుకునేదని అంచనా. గొంతు కోసి గాలి గొట్టం అమర్చడం తప్ప వైద్యుల చేతిలో మరో ఉపాయం లేదు. అది కూడా చాలామందిని బతికించలేకపోయేది.

1884లో లోఫ్లర్ ఆ వ్యాధి క్రిమిని విడిగా పెంచి చూపారు. క్రిమి గొంతులోనే ఉన్నా దూరాన ఉన్న గుండె, నరాలు దెబ్బతింటున్నాయని, కాబట్టి అది ఏదో విషాన్ని వదులుతూ ఉండవచ్చని ఆయన ఊహించారు. 1888లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ ఆ ఊహను రుజువు చేశారు. క్రిములను పూర్తిగా వడకట్టి తీసేసిన ద్రవం కూడా జంతువులను చంపగలదని తేలింది.

పోజెన్ నాటి ప్రశ్నను మనసులో పెట్టుకున్న వ్యక్తికి అంతకంటే ఆహ్వానం ఏం కావాలి? బేరింగ్ వ్యాధి సోకిన గినీ పందులకు అయొడిన్ ట్రైక్లోరైడ్ వంటి రసాయనాలు ఎక్కించి చూశారు. చాలావరకు చచ్చిపోయాయి. ఆ మందు దెబ్బకు ఒళ్లంతా పుండ్లు పడి కూడా కొన్ని బతికాయి. బతికినవాటికి మళ్లీ క్రిములను ఎక్కిస్తే జబ్బు రాలేదు. ఆ రసాయనం ఏనాడో ఒంట్లోంచి పోయింది. అయినా రక్షణ మిగిలింది. విషాన్ని విరిచే పదార్థం బయటి నుంచి వచ్చినది కాదు, జంతువు నెత్తురులోనే తయారైనదన్న సత్యం క్రమంగా స్పష్టమైంది.

పక్క బల్ల దగ్గర షిబసబురో కిటసాటో ధనుర్వాతం మీద పనిచేస్తున్నారు. గాలి తగిలితే పెరగని ఆ మొండి క్రిమిని 1889లో తొలిసారి శుద్ధంగా పెంచిన ఘనత ఆయనది. ఆయనా తన ప్రభుత్వం పంపితే బెర్లిన్ వచ్చినవారే. ఇద్దరూ కలిసి ధనుర్వాతాన్ని తట్టుకునేలా చేసిన కుందేలు నెత్తురును ఎలుకలకు ఎక్కించారు. 0.2 ఘన సెంటీమీటర్ల నెత్తురు అందుకున్న ఎలుక మర్నాడు ధనుర్వాత క్రిములను ఎక్కించినా క్షేమంగా ఉంది. ఆ నెత్తురు అందని ఎలుక కొయ్యబారి చచ్చిపోయింది. ఒక ప్రాణి సంపాదించుకున్న రక్షణను మరో ప్రాణికి నెత్తురు ద్వారా అందించవచ్చని లోకానికి మొదటిసారి తెలిసింది. 1890 డిసెంబరు 4 నాటి వ్యాసం చెప్పింది ఇదే. ఎక్కువ వివరాలు ధనుర్వాతానివి. వారం తర్వాత కంఠసర్పి మీద బేరింగ్ ఒక్కరే మరో వ్యాసం ప్రచురించారు.

గొర్రెల నుంచి గుర్రాల దాకా

ఎలుకను కాపాడడం వేరు, ఆసుపత్రిలో ఊపిరికోసం తన్నుకులాడే బిడ్డను కాపాడడం వేరు. దానికి సీరం పెద్ద మొత్తంలో కావాలి, బలంగా ఉండాలి, ప్రతి సీసాలోనూ ఒకే మోతాదు ఉండాలి. ఈ దశలో బేరింగ్‌కు తోడు నిలిచినది మరో సైనిక వైద్యుడు ఎరిష్ వెర్నికే. ఇద్దరూ కలిసి గినీ పందుల నుంచి గొర్రెలకు మారారు. బెర్లిన్ నగర రైలుమార్గపు కమానుల కింద కొంతకాలం ప్రయోగశాల నడిచింది.

1891 క్రిస్మస్ రాత్రి బెర్లిన్ ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు తొలి సీరం ఇచ్చారన్న కథ ఎంతో ప్రచారంలో ఉంది. వినడానికి హృద్యంగా ఉన్నా, వైద్య చరిత్రకారులు దానిని సందేహిస్తారు. నిజానికి ఆరంభంలో తయారైన సీరం బలహీనమైనది. ఫలితాలు ఒకసారి ఆశ కలిగిస్తే మరోసారి నిరాశ మిగిల్చేవి.

ఆ చిక్కుముడిని విప్పినది పాల్ ఎర్లిష్. జంతువుకు విషాన్ని ఏ క్రమంలో పెంచుతూ ఇస్తే దాని నెత్తురులో విరుగుడు అధికంగా తయారవుతుందో, సీసాలోని సీరం బలాన్ని ఏ ప్రమాణంతో కొలవాలో ఆయన తేల్చారు. 1892లో హోఖ్స్ట్ రంగుల కంపెనీతో బేరింగ్ ఒప్పందం చేసుకోవడంతో పెట్టుబడి సమస్య తీరింది. 1894లో సీరం మార్కెట్లోకి వచ్చింది.

అదే ఏడాది పారిస్‌లో రూ గుర్రాల నుంచి తీసిన సీరంతో పిల్లల ఆసుపత్రిలో చికిత్స జరిపారు. అంతకుముందు అక్కడ కంఠసర్పితో చేరిన పిల్లల్లో సగం మంది చనిపోయేవారు. సీరం ఇచ్చిన 448 మందిలో 109 మంది మరణించారు. మరణాలు నాలుగో వంతుకు దిగివచ్చాయి. సెప్టెంబరులో బుడాపెస్ట్ వైద్య మహాసభలో రూ ఈ లెక్కలు వెల్లడించగానే ఐరోపా అంతటా సీరం కోసం గిరాకీ పెరిగింది. 1870 యుద్ధం మిగిల్చిన పగ రెండు దేశాల మధ్య ఇంకా రగులుతున్నా, ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ జర్మన్ సైనిక వైద్యుడికి లెజియన్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేసింది. రూతోనూ, ఆయన సహచరుడు మెచ్నికోవ్‌తోనూ బేరింగ్ స్నేహం కొనసాగింది.

కొత్త మందుకు కొత్త ప్రమాదాలూ ఉన్నాయి. 1901లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జిమ్ అనే గుర్రం నుంచి తీసిన కంఠసర్పి సీరంలో ధనుర్వాత విషం కలిసిపోయి 13 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది అమెరికా తొలిసారిగా ఇటువంటి మందుల తయారీపై నియంత్రణ చట్టం తెచ్చింది. సీరం ప్రమాణాలను తేల్చడానికి ఎర్లిష్ పడ్డ శ్రమ విలువ అటువంటి ఘటనలతో లోకానికి బోధపడింది.

కీర్తి పంపకంలో తూకం

1894లో బేరింగ్ హాలే విశ్వవిద్యాలయంలో ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడయ్యారు. ఏడాది తిరక్కుండానే మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడి అధ్యాపకులు అంతగా ఇష్టపడకపోయినా, ప్రష్యన్ విద్యాశాఖలో చక్రం తిప్పే ఫ్రీడ్రిష్ ఆల్ట్‌హోఫ్ పట్టుబట్టి ఆయనకు ఆ పీఠం ఇప్పించారు. ఇరవై ఏళ్ల కిందట రాసిన ఒప్పందం నుంచి ఆయన అలా బయటపడ్డారు. 1896లో బెర్లిన్ షారిటే ఆసుపత్రి పాలనాధికారి కుమార్తె ఎల్సే స్పినోలాను వివాహమాడారు. వారికి ఆరుగురు కుమారులు.

1901లో ప్రష్యా రాజు ఆయనకు కులీన హోదా ఇచ్చారు. అప్పటి నుంచి ఎమిల్ బేరింగ్ ఎమిల్ ఫాన్ బేరింగ్ అయ్యారు. అదే ఏడాది డిసెంబరు 10న తొలి నోబెల్ బహుమతులు ప్రదానం చేసినప్పుడు వైద్య బహుమతి ఆయన ఒక్కరికే దక్కింది. 1890 వ్యాసంలో పేరు పంచుకున్న కిటసాటో ఆ గౌరవంలో పాలు పంచుకోలేదు. సీరంను ఆసుపత్రికి చేర్చిన ఎర్లిష్ మరో ఏడేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1908లో ఆయనకు బహుమతి లభించింది, అదీ మెచ్నికోవ్‌తో కలిసి.

హోఖ్స్ట్ కంపెనీ ఒప్పందపు లాభాలు బేరింగ్‌ను సంపన్నుడిని చేశాయి. తనకు దక్కవలసిన వాటా దక్కలేదన్న బాధ ఎర్లిష్‌ను జీవితాంతం వెంటాడింది. ఇద్దరి మధ్య మాటలు కరువయ్యాయి. గురువు కోక్‌తోనూ క్షయవ్యాధి విషయంలో విభేదాలు వచ్చాయి. పశువుల క్షయ మనుషులకు అంతగా ముప్పు కాదని కోక్ 1901లో ప్రకటించగా, పసితనంలో తాగే పాల ద్వారానే ఆ వ్యాధి ఒంట్లో ప్రవేశిస్తుందని బేరింగ్ వాదించారు. పేదరికం నుంచి పైకి వచ్చిన మనిషి తన హక్కును గట్టిగా పట్టుకోవడం అర్థం చేసుకోదగినదే. ఆ పట్టుదల చాలాసార్లు స్నేహాల మీదికి వచ్చిందని కూడా ఒప్పుకోక తప్పదు. 1915లో ఎర్లిష్ మరణించినప్పుడు ఆయన అంత్యక్రియలకు బేరింగ్ వెళ్లారు.

క్షయ ముందు ఓటమి

కంఠసర్పిని గెలిచిన పద్ధతే క్షయను కూడా గెలుస్తుందని బేరింగ్ ఆశించారు. దూడలకు ఇచ్చేందుకు ఒక టీకా తయారుచేశారు. అది నిలకడైన రక్షణ ఇవ్వలేదు. మనుషుల క్షయకు మందు కనుగొన్నట్టు చేసిన ప్రకటనలూ ఫలించలేదు. విషం ప్రధానంగా పనిచేసే వ్యాధులకు విరుగుడు పనిచేసింది. క్షయ క్రిమి అలా విషం చిమ్మి చంపేది కాదు. అది శరీరంలో తిష్ఠ వేసి ఏళ్ల తరబడి తొలిచే శత్రువు. ఒక గొప్ప ఆలోచనకు కూడా హద్దులుంటాయని ఆ ఓటమి చెప్పింది.

సొంత వనరులతో 1904లో మార్‌బుర్గ్‌లో ఆయన ఒక సీరం, టీకాల ఉత్పత్తి కేంద్రాన్ని స్థాపించారు. తర్వాతి కాలంలో అది బేరింగ్‌వెర్కే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఇంతలో ఆరోగ్యం దెబ్బతిన్నది. తీవ్రమైన మానసిక కుంగుబాటుతో 1907 నుంచి 1910 వరకు ఆరోగ్య నిలయంలో గడిపారు.

కోలుకుని తిరిగి వచ్చాక చేసిన పని ఆయన జీవితంలో రెండో గొప్ప అంకం. సీరం ఇచ్చే రక్షణ అరువు తెచ్చుకున్నది కాబట్టి కొద్ది వారాల్లో తరిగిపోతుంది. పిల్లల శరీరమే స్వయంగా రక్షణ తయారుచేసుకోవాలంటే విషాన్నే ఇవ్వాలి, కాని అది ప్రాణం తీయకూడదు. విషాన్ని, విరుగుడును తగిన పాళ్లలో కలిపి ఇచ్చే టీకాను 1913లో ఆయన ప్రకటించారు. జబ్బు వచ్చాక నయంచేయడం నుంచి జబ్బు రాకుండా ఆపడం వైపు ప్రయాణం అలా మొదలైంది. తర్వాత పదేళ్లకు పారిస్‌లో గాస్తోన్ రామోన్ విషాన్ని ఫార్మలిన్‌తో సాధుపరచి మరింత సురక్షితమైన టాక్సాయిడ్ రూపొందించారు.

మళ్లీ సైనికుడి గాయం వద్దకు

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్‌లలో శతాబ్దాలుగా పశువుల ఎరువుతో సాగుచేసిన పొలాల్లో కందకాలు తవ్వారు. ఆ మట్టి నిండా ధనుర్వాత క్రిములే. ఫిరంగి గుండ్ల ముక్కలు ఆ మట్టిని, చినిగిన బట్టలను కండలోకి లోతుగా దించేవి. గాలి సోకని ఆ గాయంలో క్రిములు పెరిగేవి. యుద్ధం తొలి నెలల్లో దవడలు బిగుసుకుని, వెన్ను విల్లులా వంగి చనిపోయే సైనికుల సంఖ్య ఇరుపక్షాలనూ భయపెట్టింది. గాయపడ్డ ప్రతి ఒక్కరికీ ఇచ్చేంత సీరం మొదట్లో జర్మన్ సైన్యం వద్ద లేదు.

నిల్వలు సమకూరి, గాయపడిన వెంటనే ధనుర్వాత సీరం ఇవ్వడం నియమంగా మారాక పరిస్థితి తారుమారైంది. శత్రుపక్షమైన బ్రిటిష్ సైన్యంలోనూ ఇదే జరిగింది. అక్కడ వైద్యాధికారి డేవిడ్ బ్రూస్ సేకరించిన లెక్కల ప్రకారం 1914 సెప్టెంబరులో గాయపడిన ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది మందికి పైగా ధనుర్వాతం సోకగా, ఆ సంవత్సరాంతానికి అది రెండు లోపుకు పడిపోయింది. ఆ శరదృతువులో బ్రిటిష్ సైన్యం తరఫున ఫ్లాండర్స్ బురదలో పోరాడినవారిలో వేలాది భారతీయ సిపాయిలు ఉన్నారు. ఒక జర్మన్ సైనిక వైద్యుడి ఆలోచన జర్మన్ తుపాకులు చేసిన గాయాలకు కూడా కాపలా కాసింది.

సొంత దేశం ఆయనకు ఐరన్ క్రాస్ ప్రదానం చేసింది. యుద్ధరంగంలో లేనివారికి అరుదుగా దక్కే గౌరవం అది. ముప్పై ఏళ్ల కిందట పోజెన్‌లో సైనికుడి పుండు ముందు నిలబడి వేసుకున్న ప్రశ్నకు దొరికిన జవాబు మళ్లీ సైనికుడి పుండు దగ్గరికే చేరింది. చదివించిన సైన్యం పట్ల బేరింగ్‌కు ఏదైనా రుణం మిగిలి ఉంటే అది అప్పటితో వడ్డీ సహా తీరిపోయినట్టే.

చివరి రోజుల్లో తొడ ఎముక విరిగి సరిగా అతుక్కోకపోవడంతో ఆయన మంచానికే పరిమితమయ్యారు. యుద్ధం ముగియకుండానే, 1917 మార్చి 31న మార్‌బుర్గ్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు 63 ఏళ్లు. ఆ ఊరి సమీపంలోని కొండ మీద భార్య పేరుతో ఎల్సెన్‌హోహె అని పిలిచే చోట ఆయన సమాధి ఉంది.

మన ఇళ్లలో ఆయన

గీసుకుపోయినా, మేకు గుచ్చుకున్నా తెలుగు ఇళ్లలో మొదట వినిపించే మాట టీటీ ఇంజెక్షన్. చంటిపిల్లలకు ఇచ్చే డీపీటీ టీకాలో మొదటి అక్షరం డిఫ్తీరియాది, చివరిది టెటనస్‌ది, అంటే ధనుర్వాతానిది. ఈ రెండూ 1890 నాటి వ్యాసంలో పక్కపక్కనే చేరిన వ్యాధులు. భారతదేశం 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమాన్ని ప్రారంభించింది. బాలింతలకు, పురిటి బిడ్డలకు సోకే ధనుర్వాతాన్ని దేశం నిర్మూలన స్థాయికి తెచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది. మంత్రసానులు తుప్పు కత్తులతో బొడ్డు కోసిన కాలాన్ని చూసిన పెద్దలకు ఆ ధ్రువీకరణ విలువ తెలుసు.

కంఠసర్పి మాత్రం పూర్తిగా తొలగిపోలేదు. టీకా వేయించుకోని పిల్లలున్న చోట అది ఇప్పటికీ తలెత్తుతోంది. సోకిన బిడ్డకు నేటికీ ప్రాణాధారం గుర్రం నెత్తురు నుంచి తీసే ఆ పాత సీరమే. లాభం తక్కువ కావడంతో దానిని తయారుచేసేవారు ప్రపంచంలో కొద్దిమందే మిగిలారు. 2018 సెప్టెంబరులో ఢిల్లీలో కంఠసర్పి సోకి 20 మందికి పైగా పిల్లలు మరణించినప్పుడు, ఆసుపత్రిలో సీరం కొరత పెద్ద చర్చకు దారితీసింది. గొంతులో పొర కమ్మిన తర్వాత సీరం అందడంలో జరిగే ప్రతి రోజు ఆలస్యమూ బతికే అవకాశాన్ని తగ్గిస్తుందని బేరింగ్ నాటి వైద్యులకే తెలుసు. నూట ముప్పై ఏళ్ల కిందట దొరికిన జవాబును వేళకు బిడ్డ దాకా చేర్చవలసిన బాధ్యత మాత్రం ఏ తరానికి ఆ తరం మోయవలసిందే.